దిండు గలీబుకు కోసిన కిటికీ

నా కడుపు మీద ఇప్పుడు మచ్చ ఒక్కటీ లేదు. నేరేడు రంగులో ఉన్నవి ఆకుపచ్చకు, ఆ తర్వాత పసుపుకు తిరిగి, ఒకనాటికి కనిపించకుండా పోయాయి. కాలు కూడా నడిచేటంత బాగైంది. మళ్ళీ అంగట్లో కూర్చుంటున్నాను. నేను నోరు విప్పకపోతే జరిగింది బయట ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్ళు నా ఇంటివాళ్ళే, వాళ్ళు చెప్పుకోరు. అయినా రాస్తున్నాను. రక్తం పలచబడే సూదులు కడుపు మీద వేసుకోమని ఆస్పత్రివాళ్ళు చేతికిచ్చి పంపితే, సిగ్గుపడి తలుపేసుకున్న ఆడది నేనొక్కదాన్నే అయి ఉండను. ఇంకొకరెవరైనా ఇప్పుడు ఆ తలుపు వెనక నిలబడి ఉంటే వాళ్ళ కోసం ఇది. రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

మాఘమాసం, కుప్పం

మాది పుంగనూరు బజారులో చిల్లరంగడి. నేనూ మా ఆయన రామకృష్ణప్పా చూసుకుంటాం. ఆయనకు రెండు కళ్ళలోనూ పొర వచ్చింది. ఏ పప్పు ఏదో చేత్తో తడిమి చెప్పగలడు గానీ పైఅరలో ఉన్నవి తీయాలంటే నేనే ఎక్కాలి. ఒకరోజు పొద్దున అప్పడాల కట్ట కోసం స్టూలెక్కాను. కింద నిలబడిన ఆడమనిషి పెద్దవి కాదు చిన్నవి కావాలంది. ముందే చెప్పకూడదా అని ఆమె మీద కేకలేస్తూ అటు తిరిగాను. స్టూలు ఇటు తిరిగింది. మోకాలి కింద ఎముక విరిగింది.

మా అల్లుడి అక్క వాళ్ళు కుప్పంలో ఉంటారు. అక్కడ పెద్దాస్పత్రి ఉంది, ఉండడానికి ఇల్లుంది అని కుప్పానికే తీసుకుపోయారు. ఆపరేషన్ చేసి ఎముకకు ప్లేటు వేశారు. అంతా బాగుందనుకుంటుండగా పిక్క బిగుసుకుపోయి, ముట్టుకుంటే కాలుతూ, పాదం దాకా ఉబ్బింది. ఆపరేషన్ వాపే అనుకుని నేను ఊరుకున్నాను. సిస్టర్ ఊరుకోలేదు. స్కానింగుకు తోలింది.

డాక్టరు మంచం పక్కన నిలబడి చెప్పాడు. “కాలి నరంలో రక్తం గడ్డకట్టిందమ్మా. అది విడిపోయి పైకి పోతే ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటుంది. అది ప్రాణం మీదికి వస్తుంది. గడ్డ పెరగకుండా ఈ సూదులు కాపాడతాయి. ఉన్న గడ్డను మెల్లగా మీ ఒళ్ళే కరిగించుకుంటుంది. కొన్ని వారాలు పూట తప్పకూడదు.”

ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళు సిస్టర్లే వేశారు. అందరూ ఆడవాళ్ళే. కళ్ళు మూసుకుని కుచ్చిళ్ళు కాస్త కిందికి జార్చేదాన్ని. చీమ కుట్టినట్టు ఉండేది, అంతే. ఇంటికి పంపే రోజు వచ్చాక, ఇంట్లో సూది వేసేది ఎవరో చెప్పండి, నేర్పిస్తాం అన్నారు.

మా లావణ్య ముందుకొచ్చింది. ఒక్కగానొక్క కూతురు, మదనపల్లె పక్కన అంగళ్ళు అనే ఊళ్ళో కాలేజీ ఆఫీసులో పని చేస్తుంది. మాటకు మాట చెప్పడంలో నన్ను మించింది. సిరంజి చేతిలో పెట్టగానే ముఖం తెల్లబోయి, అలాగే గోడకు జారి నేల మీద కూలబడింది. మా ఆయనకు సూది మొన కాదు కదా, సిరంజే సరిగ్గా కనిపించదు. ఇక మిగిలింది మోహన్.

మోహన్ మా అల్లుడు. మదనపల్లెలో స్కూటర్ల స్పేర్ పార్టులు అమ్ముతాడు. పెళ్ళయి రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో అతనితో నేను ఎదురుగా నిలబడి మాట్లాడింది లేదు. మా ఇళ్ళలో అల్లుడొస్తే అత్త కొంగు భుజం చుట్టూ కప్పుకుని వంటింటి తలుపు చాటుకు పోతుంది. చెప్పాల్సిందేదైనా కూతురి చేత చెప్పిస్తుంది. అది భయమూ కాదు, కోపమూ కాదు, మర్యాద. అతనూ అంతే. నాకు దండం పెట్టేటప్పుడు కూడా నేల వైపే చూస్తాడు. అలాంటి మనిషి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నా కడుపు మీద చర్మం మడత పట్టుకోవాలట.

సిస్టర్ అతనికి నేర్పుతుంటే నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

“సూడుప్పా, కొంచెం వాల్చి పండబెట్టి ఎయ్యాల. బొడ్డుకి మూడు వేళ్ళంత పక్కకి వదిలిపెట్టు. పొద్దున ఎడంపక్క ఏస్తే సాయంత్రం కుడిపక్క. లోపల చిన్న గాలిబుడగ కనిపిస్తాది, దాన్ని బయటికి తోసెయ్యొద్దు, అది ఉండాల్సిందే. చర్మం మడత పట్టుకో, సూది నిలువుగా దించు, మెల్లగా ఒత్తు, అయిపోయేదాకా మడత వదలొద్దు. తీసినాక దూది ఆనించు, అంతే. రుద్దొద్దు. ఖాళీ సూదులు మూత ఉండే గట్టి డబ్బాలో ఎయ్యి.”

“ఒక పూట మర్సిపోతే సిస్టర్?”

“రెండూ కలిపి ఎయ్యొద్దు, మాకు ఫోన్ చెయ్యి. అంగట్లో నొప్పి మాత్రలు కొని మింగనియ్యొద్దు. చిగుళ్ళలో రక్తమో, నల్లగా విరేచనమో, ఎర్రగా ఉచ్చో, ఏది కనిపించినా ఉండొద్దు, వచ్చెయ్యాల.”

అతను ప్రతిదానికీ “సరే సిస్టర్” అంటున్నాడు. నాకు మాత్రం చర్మం మడత అన్న మాట దగ్గరే చెవులు మూతపడ్డాయి. మిగతావి విన్నాను గానీ మనసుకు పట్టించుకోలేదు.

ఫాల్గుణం, మదనపల్లె

డాక్టరుకు చూపించుకోవడానికి తీసుకుపోయేదీ తీసుకొచ్చేదీ మోహనే కాబట్టి, కాలు బాగయ్యేదాకా కూతురింట్లోనే ఉండమన్నారు. కూతురింట్లో పూట తింటేనే మా అమ్మ తరంవాళ్ళు తప్పుగా అనుకునేవాళ్ళు. నేను మంచమెక్కి తింటున్నాను. వాళ్ళది మేడ మీద పోర్షను. వీధి చివర క్లినిక్ ఉంది గానీ రోజూ రెండుసార్లు ఆ మెట్లు దిగి ఎక్కడం నా కాలికి అయ్యే పని కాదు.

మొదటి పొద్దున మోహన్ చేతులు కడుక్కుని, స్టీలు పళ్ళెంలో సిరంజీ దూదీ పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాలేదు. అతని చేతుల నుంచి సబ్బు వాసన నా మంచం దాకా వస్తోంది.

“లావణ్యా, సూది నేనే ఏసుకుంటానని చెప్పు. ఆస్పత్రిలో సూసి నేర్సుకున్నాను,” అన్నాను.

“నిజంగానా మా? నీకు వస్తాదా?”

“యాల రాదు? కుట్టుమిషను సూదులెన్ని ఎక్కించలా నేను?”

మోహన్ పళ్ళెం గబుక్కున లావణ్య చేతికిచ్చి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. తలుపేసుకున్నాను.

అబద్ధం చెప్పను, మొదట్లో నిజంగానే వేసుకున్నాను. కానీ ఎలా వేసుకున్నానో విన్నవాళ్ళు తల కొట్టుకుంటారు. పడుకుని వేసుకోకుండా మంచం అంచున కూర్చుని, చీర ఎక్కడా తొలగకుండా, నడుం పక్కన కట్టు దగ్గర కనిపించిన చోటే గుచ్చుకున్నాను. ఎప్పుడూ ఒకటే పక్క. ఏ సూదికైనా డాక్టర్లు ముందు గాలి తీయడం చూశాను కాబట్టి ఆ బుడగను బయటికి తోశాను, దాంతో మందు చుక్కలూ పోయాయి. సూది తీశాక బాగా రుద్దుకున్నాను. చిన్నప్పటి నుంచి సూది వేయించుకున్న చోటల్లా రుద్దుకోవడమే కదా మనకు తెలిసింది. దీనికి తోడు కాలు సలుపుతుంటే సంచిలో దాచి తెచ్చుకున్న నొప్పి మాత్రలు మింగాను. అవి మా అంగట్లో నేను అందరికీ విడిగా ఇచ్చే మాత్రలే. వాటివల్ల ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి నాకూ ఏమీ కాదనుకున్నాను.

నడుం పక్కన నల్లగా కమిలింది. అరచేయంత ఉన్నది కొద్దిరోజులకే పక్కకూ కిందికీ పాకింది. ముట్టుకుంటే లోపల గట్టిగా ఉండ తగిలేది. ఉప్పు వేయించి మూటకట్టి కాపడం పెట్టుకున్నాను. అది ఇంకా పెద్దదైంది. లావణ్యకు చూపిస్తే మొగుడికి చెబుతుంది. అతను సిస్టరుకు ఫోన్ చేస్తాడు. అప్పుడు మళ్ళీ ఆ పళ్ళెం పట్టుకుని అతనే లోపలికి రావాలి. నా కమిలిన కడుపు అల్లుడు చూడడం కంటే చచ్చిపోవడం నయమని, ఉత్త మాటకు కాదు, నిజంగానే అనుకున్నాను.

ఒకరోజు పొద్దున సిరంజి తీసుకుని కుంటుకుంటూ బాత్రూముకు పోయాను. సూది మూత తీసి, మందంతా నీళ్ళు పోయే తూములోకి పిండేశాను. ఖాళీ సిరంజి పళ్ళెంలో పెట్టి బయటికొచ్చాను. ఎవరూ ఏమీ అడగలేదు. సాయంత్రం కూడా అదే చేశాను. ఆ తర్వాత రోజూ అదే. కాపడం మానేశాక కమిలిన చోటు కాస్త తగ్గింది. చూశావా, సూదే పడలేదు నాకు, ఇప్పుడే బాగుంది అని నాకు నేనే చెప్పుకున్నాను.

మోహన్ ఖాళీ సూదులన్నీ మూత బిగించిన డబ్బాలో వేస్తుండేవాడు. ఒకరోజు వంటింట్లో లావణ్యతో అంటుంటే విన్నాను. “మీ అమ్మ భలే గట్టి మనిషి. నేనైతే నా కడుపులో నేను గుచ్చుకోలేను.” ఆ మాట విని దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

ఉగాది ముందు

ఆదివారం. వేపపూత ఎండబెట్టాలని లావణ్య మిద్దెక్కింది. నేను మంచం మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాను. ఉన్నట్టుండి ఊపిరి సగంలో ఆగిపోయింది. లోపలికి తీసుకోబోతే పక్కటెముకల కింద కత్తి దిగినట్టు నొప్పి. గుండె దడదడ కొట్టుకుంటోంది. లావణ్యను పిలుద్దామంటే గొంతు రాలేదు. వెల్లుల్లి చాట కిందికి తోశాను. ఆ చప్పుడికి మోహన్ పరుగెత్తుకొచ్చాడు.

నన్ను చూసిన మరుక్షణం అతను రెండు చేతుల్తో ఎత్తుకుని మెట్లు దిగాడు. ఎప్పుడూ కళ్ళెత్తి చూడని మనిషి నన్ను పసిపిల్లలా మోసుకుపోతున్నాడు. ప్రాణం పోయేటట్టుంది. అప్పుడు కూడా నా చెయ్యి చీరను పాదాల కిందికి లాగడానికే పోయింది. నా సిగ్గు ఎంత మొండిదో ఆ ఒక్కదాంతో తెలుసుకోవచ్చు.

మదనపల్లెలో ఆక్సిజన్ పెట్టి స్కానింగ్ చేశారు. కాలిలోని గడ్డ ముక్క ఊపిరితిత్తికి చేరింది. సూది వేసి, కాస్త కుదుటపడ్డాక ఆపరేషన్ చేసిన చోటికే అంబులెన్సులో పంపారు. పుంగనూరులో అంబులెన్సు మా బజారు మొదట్లో ఆగింది. మా ఆయన అంగడి సగం మూసి రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. ఎక్కి, కనిపించక తడుముకుంటూ నా పాదాలు దొరికితే పట్టుకుని కూర్చున్నాడు. కుప్పం దాకా వదల్లేదు.

కుప్పంలో పరీక్షల కోసం నన్ను వరండా పక్క వార్డులో పడుకోబెట్టారు. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. ఎవరి మనిషికో బన్ను తెచ్చిన ముసలామె అందులో సగం తుంచి లావణ్యకిచ్చింది. లావణ్య దాన్ని చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. డాక్టరు వచ్చి మోహన్‌ను అడిగాడు.

“సూదులు సరిగ్గా పడ్డాయా? మధ్యలో తప్పిపోలేదు కదా?”

“ఒక్కటి గూడా తప్పలేదు సార్. పొద్దున, సాయంత్రం నేనే పళ్ళెంలో పెట్టిస్తాండాను. ఖాళీవి డబ్బాలో ఉండాయి, కావాలంటే తెచ్చి సూపిస్తాను.”

డాక్టరు కాసేపు రిపోర్టులు తిరగేశాడు. “సూదులు సరిగ్గా పడుతుండగానే ఇలా అయిందంటే లోపల ఇంకేదైనా జబ్బు దాగి ఉందేమో చూడాలి. కొన్ని క్యాన్సర్లలో ఇలా అవుతుంది. ఉందని కాదు, వెతకాలి. మందు కూడా పెంచాల్సి రావచ్చు. పెంచితే రక్తస్రావం భయం ఉంటుంది.”

లావణ్య చేతిలో బన్ను కింద పడింది. మా ఆయన “ఏమంటాండాడు? ఏమంటాండాడు?” అని అందరినీ అడుగుతున్నాడు. లావణ్య గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. నేను కళ్ళు మూసుకున్నాను. నిద్రపోయినట్టు నటించాను. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే సిగ్గుగా ఉండేది అదే. సూది పిండేసినదానికి కాదు, నా కూతురు లేని జబ్బుకు ఏడుస్తుంటే నేను కళ్ళు మూసుకుని పడుకున్నదానికి.

“ఏడ్వొద్దు,” అంటున్నాడు మోహన్. “బెంగళూరు తీస్కపోదాం. ఏముండాదో ఆడే తేల్చుకుందాం. మీ అమ్మ ఇన్నాళ్ళూ ఒక్కపూట తప్పకుండా సూది ఏసుకునింది. ఆమెకు లేని భయం నీకు యాల?”

ఇక నావల్ల కాలేదు. మాస్కు కిందికి లాగాను.

“సార్,” అన్నాను. “సూదులు నేను ఏసుకోలేదు.”

డాక్టరు తిరిగి చూశాడు.

“మొదట్లో ఏసుకున్నాను. కమిలిపోయింది. అప్పట్నుంచి బాత్రూములో పిండేస్తాండాను. అంగడి మాత్రలు గూడా మింగినాను.”

ఎందుకలా చేశావని డాక్టరు అడిగాడు. అల్లుడు పక్కనే ఉండగా ఆ ఎందుకో చెప్పడానికి నాకు నోరు రాలేదు. గోడ వైపు తిరిగాను. చెప్పకపోయినా లావణ్యకు అర్థమైంది.

“నీ సిగ్గు కోసం నన్ను తల్లి లేనిదాన్ని చేస్తావా మా?” అంది. పెద్దగా అరవలేదు. అరిచినా బాగుండేది.

మోహన్ బయటికి వెళ్ళిపోయాడు. ఇక ఈ మనిషి మా గడప తొక్కడు, నా మూలంగా కూతురి కాపురం కూడా చెడుతుంది అనుకున్నాను. డాక్టరు మాత్రం తిట్టలేదు. “ఇప్పటికైనా చెప్పారు, మంచిదైంది. మందు పనిచేయకపోవడం కాదు, మందు పడకపోవడం. లేని జబ్బును వెతకాల్సిన పని లేదు, మందు పెంచాల్సిన పనీ లేదు. కానీ ఇక ఒక్క పూట తప్పినా నేనేం చేయలేను,” అన్నాడు. నా నడుం పక్కన కమిలినది కూడా చూసి, లోపల రక్తం నిలిచిందేమోనని పరీక్ష చేయించాడు.

కాసేపటికి మోహన్ వచ్చాడు. వెంట అప్పుడు సూది నేర్పిన సిస్టరే ఉంది. ఆమెను వెతకడానికే వెళ్ళాడట.

సిస్టర్ నా పక్కన కూర్చుని, “యాలమ్మా, నాకు చెప్పి ఉండొచ్చు గదా,” అంది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. “సరే, ఏడ్సొద్దు. ఆపరేషన్ థియేటర్లో మేము మనిషినంతా కప్పేసి, కోయాల్సిన చోట మాత్రం గుడ్డకి బొక్క పెడతాం. నీకూ అదే చేస్తాం. పాత గుడ్డ ఏదన్నా ఉండాదా?”

లావణ్య ఇంటి నుంచి తెచ్చిన దిండు గలీబు విప్పింది. సిస్టర్ దాన్ని ఒకవైపు చీల్చి వెడల్పు చేసి, మధ్యలో అరచేయంత కిటికీ కోసింది. నా మెడ నుంచి మోకాళ్ళ దాకా ఆ గుడ్డా, ఇంకో దుప్పటీ కప్పి, కిటికీని బొడ్డు పక్కకు జరిపింది. “ఇప్పుడు చెప్పు, నువ్వు కనిపిస్తాండావా?” అంది. కనిపించేది అరచేయంత చర్మం. అది ఎవరిదైనా కావచ్చు.

ఆ సాయంత్రం మోహన్ చేతులు కడుక్కుని వచ్చాడు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. చీమ కుట్టినట్టయింది, అంతే. దూది ఆనించి, రుద్దకుండా, పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయాడు.

వైశాఖం, మదనపల్లె

ఆ తర్వాత ఒక్క పూట తప్పలేదు. లావణ్య గలీబు కిటికీ అంచులు మడిచి కుట్టింది. గుమ్మం బయట నుంచి మోహన్ “కప్పుకున్నారా అత్తమ్మా?” అనేవాడు. నేను గుడ్డ సర్దుకుని, ఈ పూట ఎడమో కుడో చూసుకుని, “రాప్పా” అనేదాన్ని. అతనితో నేను నేరుగా మాట్లాడిన మొదటి మాట అదే. అటు తర్వాత ఒక్కో మాట పెరిగింది. చిగుళ్ళు బాగుండాయా అని అతనడిగేవాడు. ఈరోజు నొప్పి తెలీలేదప్పా అని నేననేదాన్ని. నొప్పి మాత్ర ఏది కావాలన్నా డాక్టరుకు ఫోన్ చేసి అడిగాకే తెచ్చేవాడు. చిన్న చిన్న మచ్చలు అప్పుడప్పుడూ పడేవి. అవి మామూలేనని, పాకితేనే చెప్పమని సిస్టర్ ముందే చెప్పింది.

ఎండలు ముదిరి, బజారులో మామిడికాయలు దిగేనాటికి, ఇక సూదులు చాలు, మాత్రల మీదికి మారుద్దామన్నాడు డాక్టరు. ఆఖరి సూది మదనపల్లెలోనే. ఆ సాయంత్రం మోహన్ పళ్ళెంతో గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

నాకేమనిపించిందో, ఇన్నాళ్ళు ఇంత చేసిన మనిషి దగ్గర ఇంకా ఈ ముసుగేమిటి అనిపించింది. గుడ్డ మడిచి పక్కన పెట్టాను.

“ఇంక ఆ గుడ్డ యాలప్పా. నువ్వు నా బిడ్డ లెక్క. ఇట్లే వచ్చి ఎయ్యి,” అన్నాను.

అతను కదల్లేదు. నేల వైపు చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“ఉండనీండి అత్తమ్మా,” అన్నాడు. “అది లేకుంటే నాకు చెయ్యి రాదు.”

నేను అతని వైపు చూశాను. రెండేళ్ళలో మొదటిసారి సరిగ్గా చూశాను.

“మొదటి దినం మీరే ఏసుకుంటానంటే బతికినాను అనుకున్నాను,” అన్నాడు. “అందుకే పళ్ళెం ఇచ్చేసి పరిగెత్తినాను. ఇంగొక మాట అడిగిండొచ్చు. అడగలా.”

సిగ్గంతా నా ఒక్కదాని సొత్తనుకున్నాను ఇన్నాళ్ళూ. అతనిదీ అంతే ఉంది. ఆ సిగ్గుతోనే పొద్దునా సాయంత్రమూ చేతులు కడుక్కుని వచ్చాడు.

గుడ్డ తీసుకుని మెడ దాకా కప్పుకున్నాను. కిటికీని కుడిపక్కకు జరిపి, ముఖం గోడ వైపు తిప్పుకున్నాను.

“కప్పుకున్నాను,” అన్నాను. “రాప్పా.”